బోటు ఏసీ మాటిమాటికీ ఆగిపోతుంటే గ్యాస్ కన్నా ముందు నీళ్ళు చూడండి

మీ ప్రశ్న చదివాను. విశాఖ చేపల రేవులో కట్టే ఫైబర్ టూరిస్టు బోటు, క్యాబిన్‌లో సముద్రపు నీళ్ళతో చల్లబడే ఏసీలు రెండు, ఒక్కోదాని చల్లబరిచే శక్తి 16,000 బీటీయూ. పొద్దున ట్రిప్పుల్లో రెండూ బాగానే పనిచేస్తున్నాయి. మధ్యాహ్నం దాటాక ముందువైపు ఏసీ అరగంట తిరిగి ఆగిపోతోంది, ప్యానెల్ మీద హెచ్‌పీఎఫ్ అని పడుతోంది. మెకానిక్ వచ్చి రెండుసార్లు గ్యాస్ ఎక్కించాడు. ఎక్కించినప్పుడల్లా నాలుగు రోజులు బాగుండి మళ్ళీ మొదటికొచ్చింది. ఇప్పుడు యూనిట్ మొత్తం మార్చెయ్యమంటున్నారు, మార్చాలా అని అడిగారు.

ఇప్పుడే మార్చకండి. ఇంకోసారి గ్యాస్ కూడా ఎక్కించనివ్వకండి. సగం జవాబు మీరు రాసినదాంట్లోనే ఉంది. "గ్యాస్ పెట్టి, జాలీ కూడా కడిగి వెళ్ళాడు" అని చివర్లో ఒక ముక్క రాశారు చూడండి, నా కన్ను అక్కడే ఆగింది. జాలీ అంటే ఏసీకి వెళ్ళే సముద్రపు నీళ్ళలో చెత్తని పట్టే జల్లెడ. ఆ నాలుగు రోజులూ ఏసీ నడిచింది జాలీ కడిగినందుకు అని నా నమ్మకం. పేరు మాత్రం గ్యాస్‌కి వచ్చింది.

హెచ్‌పీఎఫ్ అంటే హై ప్రెషర్ ఫాల్ట్. కంప్రెసర్ నుంచి బయటికొచ్చే వైపు గ్యాస్ ఒత్తిడి హద్దు దాటింది, ఇంకా తిరిగితే కంప్రెసర్‌కి ముప్పని ప్రెషర్ స్విచ్ దాన్ని ఆపేసిందని అర్థం. గ్యాస్ తక్కువైతే ఆ వైపు ఒత్తిడి పెరగదు, పడిపోతుంది. అప్పుడు పడాల్సింది ఎల్‌పీఎఫ్, అంటే లో ప్రెషర్ ఫాల్ట్. పైగా ఉండాల్సినంత గ్యాస్ ఉండగానే ఇంకొంచెం ఎక్కిస్తే, ద్రవంగా మారిన గ్యాస్ కండెన్సర్‌లో, అంటే గ్యాస్ తన వేడిని వదిలే చోట, జాగా ఆక్రమిస్తుంది, ఒత్తిడి ఇంకా పైకి పోతుంది. అంటే మీ బోటులో ఇప్పుడు రెండు తిప్పలు ఉండొచ్చు. మొదటిది అసలు జబ్బు, రెండోది ఎక్కువైన గ్యాస్. మీ మెకానిక్‌ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఇళ్ళల్లో ఏసీలు చేసేవాళ్ళకి చల్లదనం తగ్గితే ముందు గ్యాస్ చూడటం అలవాటు. ఇంటి ఏసీ వేడిని బయట ఫ్యాను గాలికి వదిలేస్తుంది. బోటు ఏసీలో ఆ పని సముద్రపు నీళ్ళు చేస్తాయి. నీళ్ళు సరిగ్గా రాకపోతే గ్యాస్ ఎంత సరిగ్గా ఉన్నా లాభం లేదు.

నీళ్ళు వెళ్ళే దారి ఒకసారి మనసులో గీసుకోండి. బోటు అడుగున రంధ్రం, దానికి బయట స్కూప్, అంటే నీళ్ళు లోపలికి తీసుకునే సందులున్న మూత. లోపల ఆ నీళ్ళని మూసి తెరిచే సీకాక్ వాల్వు. తర్వాత జాలీ ఉన్న స్ట్రైనర్. తర్వాత పంపు. పంపు నుంచి రెండు ఏసీలకీ చీలిన గొట్టాలు, ఒక్కో యూనిట్‌లో చుట్టలు చుట్టిన కండెన్సర్ కాయిల్, అక్కడినుంచి బోటు పక్కగోడలోంచి బయటికి. ఈ దారిలో ఎక్కడ కొంచెం మూసుకున్నా ముందు దెబ్బతినేది గొట్టం పొడుగ్గా, వంపులు ఎక్కువగా ఉన్న యూనిట్. నీళ్ళు సులువైన దారి వెతుక్కుంటాయి కాబట్టి పంపుకి దగ్గరగా ఉన్న వెనక ఏసీ తన వాటా తీసేసుకుంటుంది, ముందు దానికి మిగిలింది దక్కుతుంది. మీకు ముందువైపుదే ఆగిపోతోంది అన్నారు కాబట్టి ఆ యూనిట్ చెడిపోయిందని తేల్చెయ్యక్కర్లేదు.

పొద్దున బాగుండి మధ్యాహ్నం ఆగడం కూడా దీనికి సరిపోతుంది. విశాఖ దగ్గర సముద్రపు నీరు ఎండాకాలంలో 30 డిగ్రీల దాకా ఉంటుంది, పొద్దునకీ మధ్యాహ్నానికీ అందులో పెద్ద తేడా రాదు. మారేది క్యాబిన్‌లో వేడి. పైకప్పు కాలుతుంది, అద్దాల్లోంచి ఎండ పడుతుంది, జనం నిండుతారు, తలుపు మాటిమాటికీ తీస్తారు. పొద్దున సగం నీళ్ళతో నెట్టుకొచ్చిన యూనిట్ మధ్యాహ్నం బరువు పెరిగేసరికి మొయ్యలేక ఆగిపోతుంది.

ఇంక పని మొదలుపెడదాం. ముందు కావాల్సినవి ఒక 10 లీటర్ల బకెట్టు, ఫోన్లో స్టాప్‌వాచ్, వంటింట్లో వాడేలాంటి చిన్న డిజిటల్ థర్మామీటరు. గేజీలు ఇప్పుడే అక్కర్లేదు.

జెట్టీకి కట్టి ఉండగా రెండు ఏసీలూ వేసి, బయటికి నీళ్ళు పడే రెండు నోళ్ళూ చూడండి. సరిగ్గా ఉన్న ధార బోటు గోడకి దూరంగా, విల్లులా వంగి పడుతుంది. బలం లేని ధార గోడని అంటుకుని కిందకి జారుతుంది, మధ్యమధ్యలో తుంపరగా ఉమ్ముతుంది. అలా ఉమ్ముతుంటే నీళ్ళలో గాలి కలుస్తున్నట్టు. చూపుతో ఆగిపోకుండా కొలవండి. ఒక టన్నుకి, అంటే 12,000 బీటీయూకి, నిమిషానికి సుమారు 11 లీటర్ల నీళ్ళు కావాలన్నది లెక్క. మీ 16,000 యూనిట్‌కి ఆ లెక్కన నిమిషానికి 15 లీటర్లు. అంటే 10 లీటర్ల బకెట్టు 40 సెకన్లలో నిండాలి. నిండటానికి నిమిషం దాటితే మీ జబ్బు అక్కడే ఉంది. రెండు నోళ్ళూ విడివిడిగా కొలిచి, జాలీ కడగకముందు ఎంత, కడిగాక ఎంత అని రెండు సార్లు రాసుకోండి.

తర్వాత థర్మామీటరు. సముద్రపు నీటి వేడి చూడండి, ఏసీ నుంచి బయటికొచ్చే నీటి వేడి చూడండి. కంప్రెసర్ పది నిమిషాలు తిరిగాక తేడా 5 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంటే మామూలే. తేడా 10 దాటి బయటికొచ్చే నీరు చేతికి బాగా వెచ్చగా తగులుతుంటే, నీళ్ళు తక్కువగా వస్తున్నాయి. ఇక బకెట్టు 40 సెకన్లలోనే నిండుతోంది, నీరు మాత్రం రెండు మూడు డిగ్రీలకి మించి వేడెక్కడం లేదు, అయినా హెచ్‌పీఎఫ్ పడుతోంది అనుకోండి. అప్పుడు నీళ్ళు వస్తున్నా గ్యాస్ వేడిని అందుకోలేకపోతున్నాయి. కండెన్సర్ గొట్టం లోపల పెంకు కట్టింది. ఈ రెండో సంగతి తెలియక పంపులు మార్చిన బోట్లు చాలా చూశాను. పంపు మార్చినా నీళ్ళు ముందులాగే బాగా పడతాయి, ఏసీ ముందులాగే ఆగిపోతుంది.

నీళ్ళు తక్కువని తేలితే బయటినుంచి లోపలికి వరసగా రండి. ముందు జాలీ. సీకాక్ మూసి, మూత విప్పి, బుట్ట తీసి కడగండి. మన రేవులో జాలీలో దొరికేవి ప్లాస్టిక్ కవర్ల ముక్కలు, ఆకులు, చేప పొలుసులు, జెల్లీ చేపల జిగురు, అన్నిటికన్నా ఎక్కువగా వల నూలు ముక్కలు. నైలాను నూలు జాలీ రంధ్రాల్లోంచి సూదిలా దూరిపోతుంది, పైకి జాలీ శుభ్రంగా కనిపిస్తుంది, నూలు పంపు దగ్గరికి చేరి, నీళ్ళు నెట్టే చక్రానికి, అంటే ఇంపెల్లర్‌కి చుట్టుకుంటుంది. మూత బిగించేటప్పుడు రబ్బరు రింగు చూడండి. అది గట్టిపడి పగిలి ఉంటే నీళ్ళు బయటికి కారకపోయినా గాలి లోపలికి పీల్చుకుంటుంది, ఎందుకంటే అది పంపుకి పీల్చే వైపు ఉంది. రింగుకి సిలికాన్ గ్రీజు కొంచెం రాసి పెట్టండి.

జాలీ కడిగాక కూడా బకెట్టు ఆలస్యంగా నిండితే అడుగున రంధ్రం చూడాలి. సీకాక్ మూసి, స్ట్రైనర్ వైపు గొట్టం విప్పి, దాని నోరు బకెట్టులో పెట్టి, ఇప్పుడు సీకాక్ నెమ్మదిగా తెరవండి. పంపు లేకుండానే సముద్రపు ఒత్తిడికే నీళ్ళు గొట్టం నిండా దూకుతూ రావాలి. సన్నగా వస్తే స్కూప్‌లోనో సీకాక్ మెడలోనో గుల్లలు పట్టాయన్నమాట. ఈ పని చేసేటప్పుడు ఒక మనిషి సీకాక్ పిడి మీద చెయ్యి తీయకూడదు, పక్కన ఆ రంధ్రానికి సరిపోయే చెక్క బిరడా ఉండి తీరాలి. అడుగు రంధ్రం దగ్గర వాల్వు పిడి చేతికి ఊడొస్తే బోటు మునగడానికి ఎక్కువ సేపు పట్టదు. పిడి బిగుసుకుపోయి ఉంటే సముద్రంలో దాంతో కుస్తీ పట్టకండి, బోటు గట్టుకి ఎక్కించాకే ముట్టుకోండి.

బార్నకిల్స్ అని పుస్తకాల్లో రాసే ఈ గుల్లలు మన తీరంలో ఏడాది పొడుగునా పెరుగుతాయి. చలిదేశాల బోటు ఏసీ పుస్తకాల్లో చలికాలం ముందు గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టకుండా చెయ్యాల్సినవి పేజీల కొద్దీ ఉంటాయి. అవి మనకి పనికిరావు. మన జబ్బు దానికి పూర్తిగా తలకిందులు. ఇక్కడ నీళ్ళు ఎప్పుడూ వెచ్చగానే ఉంటాయి, అందుకే పెరుగుదల ఆగదు. పైగా రేవు లోపల అలలు తక్కువ, నీటి కదలిక తక్కువ, తిండి ఎక్కువ. రోజూ తిరిగే బోటు అడుగుకన్నా కదలకుండా కట్టి ఉంచిన బోటు అడుగుకి ఇవి తొందరగా పడతాయి, స్కూప్ సందులు వాటికి బాగా ఇష్టం. మునిగే మనిషి చేత నెలకోసారి ఆ ఒక్క చోటు గీకించినా చాలు, బోటు అడుగంతా గీకక్కర్లేదు. గీకేటప్పుడు సీకాక్ మూసి ఉంచండి, లేకపోతే రాలిన గుల్లలన్నీ మీ జాలీలోకే వస్తాయి.

స్కూప్ గురించి ఇంకో మాట. దాని సందులు బోటు ముందువైపుకి తిరిగి ఉండాలి. అప్పుడే బోటు నడుస్తున్నప్పుడు నీళ్ళు లోపలికి నెట్టబడతాయి. వెనక్కి తిరిగి ఉంటే నడిచేటప్పుడు అక్కడ పీల్పు పుట్టి నీళ్ళు రావడం పడిపోతుంది. ఒక బోటుకి జెట్టీ దగ్గర ఏసీలు దివ్యంగా పనిచేసి, డాల్ఫిన్ నోస్ కొండ దాటి వేగం అందుకోగానే ఆగిపోయేవి. గట్టుకి ఎక్కించి చూస్తే స్కూప్ తిరగేసి బిగించి ఉంది. ఇంకో బోటుకి అడుగు రంగు వేసినవాళ్ళు స్కూప్ సందుల మీదుగా కూడా రంగు పట్టించేశారు, సగం సందులు పూడిపోయాయి. రంగు వేయించిన ప్రతిసారీ బోటు నీళ్ళలోకి దింపకముందు ఆ సందుల్లోకి స్క్రూడ్రైవర్ పెట్టి చూడటం మీరు స్వయంగా చెయ్యాల్సిన పని, ఎవరికీ అప్పజెప్పకండి.

ఇప్పుడు పంపు. వీటికి ఎక్కువగా మ్యాగ్నెట్ డ్రైవ్ సెంట్రిఫ్యూగల్ పంపులు వాడతారు. ఇంపెల్లర్‌కీ మోటారుకీ మధ్య షాఫ్ట్ ఉండదు, అయస్కాంతం లాగితే తిరుగుతుంది. కాబట్టి నూలు చుట్టుకుని ఇంపెల్లర్ ఆగిపోయినా మోటారు చప్పుడు మామూలుగానే వినిపిస్తుంది. "పంపు తిరుగుతోంది సార్" అని చప్పుడు విని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి, నీళ్ళు పడుతున్నాయా అన్నదే లెక్క. ఈ పంపులు నీళ్ళని తమంతట తాము పైకి లాక్కోలేవు. అందుకే పంపు నీటిమట్టానికి కిందే ఉండాలి, గొట్టం సీకాక్ నుంచి స్ట్రైనర్‌కి, స్ట్రైనర్ నుంచి పంపుకి, పంపు నుంచి ఏసీకి వరసగా పైకి ఎక్కుతూ పోవాలి. ఎక్కడైనా గొట్టం ఒక దూలం మీదుగా ఎక్కి మళ్ళీ దిగితే ఆ మిట్టలో గాలి చిక్కుకుంటుంది. బోటు అలల మీద బాగా ఊగినప్పుడు స్కూప్ నీళ్ళపైకి వచ్చి గాలి మింగితే, ఆ గాలి పంపు తలలో కూర్చుంటుంది, నీళ్ళు ఆగిపోతాయి. అలాంటప్పుడు ఏసీ ఆపి, సీకాక్ మూసి, పంపు బయటికి పంపే వైపు గొట్టం క్లిప్పు వదులు చేసి, సీకాక్ కొంచెం తెరవండి. గాలి బుసమని పోయి నీళ్ళు కారడం మొదలవ్వగానే క్లిప్పు బిగించెయ్యండి. ఇది బోటు నడిపే మీ సరంగుకి నేర్పండి, మెకానిక్ కోసం ఎదురుచూసే పని తప్పుతుంది.

పంపు రేకు మీద గంటకి ఇన్ని లీటర్లని రాసి ఉండేది గొట్టం, ఎత్తు, వంపులు ఏవీ లేనప్పటి లెక్క. బోటులో బిగించాక అందులో పెద్ద భాగం పోతుంది. మీ రెండు ఏసీలకీ కలిపి నిమిషానికి 30 లీటర్లు కావాలి, అంటే గంటకి 1,800. రేకు మీద 1,800 రాసిన పంపు మీకు సరిపోదు, దాదాపు రెట్టింపు ఉన్నది చూసుకోండి. ఇంకోటి, యూనిట్లూ పంపూ విదేశీ సరుకైతే అవి 60 హెర్ట్జ్‌కి చేసినవో 50కి చేసినవో రేకు మీద చూడండి. 60 హెర్ట్జ్ పంపు మన 50 హెర్ట్జ్ కరెంటు మీద ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, నీళ్ళూ ఆ మేరకు తగ్గుతాయి.

నీళ్ళు బాగానే వస్తున్నా వేడెక్కడం లేదని థర్మామీటరు చెబితే కండెన్సర్‌ని లోపలినుంచి కడగాలి. ఈ పని జాగ్రత్తగా చేస్తే కొత్త యూనిట్ ఖర్చు తప్పుతుంది, తొందరపడి చేస్తే ఆ కాయిలే పోతుంది, అందుకని కొంచెం వివరంగా చెబుతాను. కాయిల్ లోపలి గొట్టం రాగి, నికెల్ కలిపిన లోహం. దాని గోడకి పట్టేది సున్నపు పెంకు, చచ్చిన చిన్న గుల్లలు, బురద పొర. గుల్లా, సున్నపు పెంకూ రెండూ కాల్షియం కార్బొనేట్ కాబట్టి పలచటి ఆమ్లానికి కరుగుతాయి. బోటు సామాన్ల దుకాణాల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం మీద తయారైన డీస్కేలర్లు దొరికితే అవి మేలు, లోహాన్ని తక్కువ తింటాయి. దొరక్కపోతే కిరాణా కొట్లో అమ్మే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున కలుపుకోండి. బాత్‌రూమ్ యాసిడ్ సీసా తెచ్చి అలాగే పోసేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. బ్లీచింగ్ పౌడరు అసలే వద్దు. ఆమ్లం, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, బోటు లోపలి ఇరుకు అరలో అది ప్రాణాలు తీస్తుంది.

ఏసీ బ్రేకర్ ఆపండి. యూనిట్‌కి నీళ్ళొచ్చే గొట్టం, పోయే గొట్టం రెండూ విప్పండి. ప్లాస్టిక్ ఒళ్ళున్న చిన్న పంపు ఒకటి బకెట్టులో పెట్టి, మామూలుగా నీళ్ళు బయటికొచ్చే నోట్లోకి ద్రావణం పంపి, రెండో నోటినుంచి మళ్ళీ బకెట్టులోకే వచ్చేలా కలపండి. ఇలా ఎదురు దిశలో తిప్పితే ఇరుక్కున్న ముక్కలు వచ్చిన దారినే వెనక్కి పోతాయి. మొదట్లో నురగ, మట్టిరంగు నీరు, బుడగలు వస్తాయి. బుడగలు ఆగాక బకెట్టులో ఒక గుల్ల ముక్క వేసి చూడండి. దానిమీద బుడగలు లేస్తే ద్రావణానికి ఇంకా బలం ఉంది, లోపల పెంకే అయిపోయింది. గుల్ల ఊరికే పడి ఉంటే ద్రావణం చచ్చింది, పారబోసి కొత్తది కలపాలి. నిమ్మ ఉప్పుతో ఇది ముఖ్యం, అలిసిపోయిన ద్రావణాన్ని తిప్పుతూనే ఉంటే తెల్లటి పొడి పేరుకుని మళ్ళీ లోపలే దిగుతుంది. ముప్పావుగంటకి మించి తిప్పక్కర్లేదు. ద్రావణం నీలం ఆకుపచ్చ కలిసిన రంగులోకి తిరిగిందంటే ఆమ్లం రాగిని తాకుతోంది, వెంటనే ఆపెయ్యండి. తర్వాత కనీసం పావుగంట మంచినీళ్ళు తిప్పండి. చేతులకి తొడుగులు, కళ్ళకి అద్దాలు తప్పనిసరి, పైమూతలన్నీ తెరిచి ఉంచండి. వాడిన ద్రావణంలో వంటసోడా వేసి పొంగు ఆగేదాకా కలిపి గట్టుమీద పారబోయండి, రేవు నీళ్ళలో కాదు.

ఈ కడుగుడు ఏడాదికోసారి చాలు. అంతకన్నా తరచుగా అవసరం పడుతోందంటే బోటు ఎక్కువ రోజులు ఖాళీగా ఉంటోందని అర్థం. ఆగిన బోటు గొట్టాల్లో నిలిచిన రేవు నీరు కొన్ని రోజులకే కుళ్ళుతుంది. మళ్ళీ ఏసీ వేసినప్పుడు కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది చూడండి, అది హైడ్రోజన్ సల్ఫైడ్. అది రాగి నికెల్ గొట్టాన్ని గుంటలు గుంటలుగా తినేస్తుంది, అలా పడిన చిల్లుని ఏ ద్రావణమూ బాగుచెయ్యలేదు. చిల్లు పడితే సముద్రపు నీరు గ్యాస్ దారిలోకి, అక్కడినుంచి కంప్రెసర్‌లోకి పోతుంది, అప్పుడు నిజంగానే యూనిట్ మార్చాలి. కాబట్టి అక్టోబరు, నవంబరు తుఫాను రోజుల్లో బోటు వారాల తరబడి కట్టేస్తున్నప్పుడు సీకాక్ మూసి, స్ట్రైనర్ మూత తీసి అందులో మంచినీటి గొట్టం పెట్టి, ఏసీ పంపు ఐదు నిమిషాలు నడపండి. గొట్టాలు మంచినీళ్ళతో నిండి ఉంటే లోపల గుల్లపిల్లలు బతకవు, కుళ్ళు వాసనా రాదు. బోటు గట్టుకి ఎక్కించి చేసే పనులుంటే ముందే రోజు మాట్లాడుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో మరబోట్లన్నీ మరమ్మతులకే వస్తాయి, ఆ రెండు నెలల్లో చేతి కింద మనిషి దొరకడం కూడా కష్టమే.

గాలి వైపు పని తక్కువ. ఫిల్టర్ రెండు వారాలకోసారి కడగండి, ఉప్పుగాలికి దుమ్ము ముద్దగా అంటుకుంటుంది. లోపలికి పోయే గాలికీ గ్రిల్ నుంచి వచ్చే గాలికీ 8 నుంచి 11 డిగ్రీల తేడా ఉంటే యూనిట్ ఆరోగ్యంగా ఉన్నట్టే. ఒక్క విషయం మాత్రం నొక్కి చెబుతాను. ఏసీ కింద పళ్ళెంలో చేరే చెమట నీరు పోయే సన్న గొట్టం ఎక్కడికి పోతోందో ఈరోజే వెళ్ళి చూడండి. అది ఇంజను గది అడుగులో తేలిందా, లేక బోటు బయట ఇంజను, జనరేటరు పొగగొట్టాలకి మీటరు లోపల తేలిందా? అలా ఉంటే ఏసీ ఫ్యాను ఆ సన్న గొట్టంలోంచే పొగ పీల్చి క్యాబిన్‌లోకి వదలగలదు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. తలుపులు మూసుకుని కూర్చున్న జనానికి తలనొప్పి, మగత తప్ప ఇంకేమీ తెలియదు. గొట్టాన్ని వేరే చోటికి తిప్పి, మధ్యలో నీళ్ళు నిలిచే యూ వంపు పెట్టించండి, క్యాబిన్‌లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి బిగించండి. పిల్లాపాపలతో జనాన్ని ఎక్కించుకునే బోటు మీది. ఏసీ చల్లదనం కన్నా ముందు ఇది చూసుకోవాలి.

కరెంటు వైపు, కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో యూనిట్ దగ్గర వోల్టేజి ఎంత ఉందో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. 230 ఉండాల్సింది 205 కన్నా పడిపోతుంటే జనరేటరో, సన్న వైరో, పచ్చగా చిలుము పట్టిన టెర్మినలో కారణం. ఆగిన ఏసీని వెంటనే వెయ్యకూడదు, మూడు నాలుగు నిమిషాలు ఆగితే గ్యాస్ ఒత్తిళ్ళు సర్దుకుంటాయి. రెండు ఏసీలు ఒకేసారి కాకుండా ఒకటి అందుకున్నాకే రెండోది వెయ్యండి. పెట్టె విప్పే ముందు బ్రేకర్ ఆపడమే కాదు, ఆపాక కూడా కరెంటు నిల్వ ఉండే కెపాసిటర్‌ని డిశ్చార్జ్ చేయించాకే చెయ్యి పెట్టనివ్వండి. తడిగా ఉండే బోటు అడుగు అరలో కూర్చుని చేసే పని ఇది.

గ్యాస్ సంగతి ఆఖరున. నీళ్ళ పనులన్నీ అయ్యాక కూడా హెచ్‌పీఎఫ్ వస్తుంటే ఆ ఎక్కువైన గ్యాస్ సరిచెయ్యాలి. కొంచెం వదిలేద్దాం అనే పద్ధతి వద్దు. ఉన్న గ్యాస్ మొత్తం రికవరీ మిషన్‌తో సిలిండర్‌లోకి తీయించి, వ్యాక్యూమ్ పంపు పెట్టించి, యూనిట్ రేకు మీద ఎన్ని గ్రాములు రాసి ఉందో అంతే తూకం వేసి ఎక్కించమనండి. ఈ చిన్న యూనిట్లకి గేజీ చూసి ఎక్కించడం కుదరదు, కొద్ది గ్రాముల తేడాకే గుణం మారిపోతుంది. మీ ఏసీలో గ్యాస్ ఆర్-410ఏ రకమైతే అది రెండు వాయువుల మిశ్రమం, సిలిండర్ నుంచి ద్రవంగానే ఎక్కించాలి. దాని ఒత్తిడి పాత ఆర్-22 కన్నా బాగా ఎక్కువ, గేజీలూ గొట్టాలూ దానికి తగినవే ఉండాలి. వచ్చిన మెకానిక్ దగ్గర తూకం మిషన్ లేకపోతే ఇంకో మనిషిని చూసుకోండి. నిజంగా గ్యాస్ తగ్గినా అది ఎక్కడో కారుతుంటేనే తగ్గుతుంది. కారే చోటు పట్టకుండా మళ్ళీ మళ్ళీ ఎక్కించే డబ్బు నీళ్ళపాలే. కింది పళ్ళెం తుప్పుపట్టిన చోట, అతుకుల దగ్గర నూనె మరక కనిపిస్తే అక్కడ సబ్బు నురగ రాసి చూడమనండి.

ఇవన్నీ చేశాక కొత్త యూనిట్ గురించి ఆలోచించాల్సిన సందర్భాలు రెండే. కండెన్సర్‌కి చిల్లు పడి నీరు లోపలికి పోవడం, లేదా కంప్రెసర్ మోటారులోని తీగచుట్ట (వైండింగ్) కాలిపోవడం. ఈ రెండూ మీటరుతో, ప్రెషర్ టెస్టుతో తేలతాయి, ఊహ మీద తేల్చేవి కావు. మార్చమన్నవాళ్ళని ఆ టెస్టు చేసి చూపించమనండి. ఈలోగా ఈ ఆదివారం బకెట్టు పట్టుకుని జెట్టీకి వెళ్ళండి. ముందు ఏసీకి బకెట్టు నిండటానికి ఎన్ని సెకన్లు, వెనకదానికి ఎన్ని, లోపలికొచ్చే నీటికీ బయటికి పడే నీటికీ ఎన్ని డిగ్రీల తేడా, జాలీ కడగకముందూ కడిగాకా విడివిడిగా రాసి పెట్టండి. ఆ అంకెలు చూస్తే తర్వాత ఏ గొట్టం విప్పాలో చెబుతాను.